చెంగమ్మ నా కోసం దాచిన ఏడుపు

చిత్తూరు నుంచి బయలుదేరేటప్పుడు చెంగమ్మ కోడలు ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరును పాత పంచెగుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది. "పెద్దత్తా, ఇది మీరిద్దురూ వాడిందంట గదా, మా అత్త ఎప్పుడూ సెప్తా ఉన్నింది. మీరే పెట్టుకోండి" అంది. తిరుపతికి వచ్చి, కూతురింటి వంటగదిలో గుడ్డ విప్పి చూశాను. తోమి చాలాకాలమైనట్టుంది, నల్లబడిపోయింది. అడుగున చిల్లులు కొన్ని పూడిపోయాయి. మూత తీసి వాసన చూస్తే కాఫీ వాసన రాలేదు, ఉత్త ఇత్తడి వాసన వచ్చింది. నా మనవరాలు దాన్ని చూసి ముచ్చటపడి, "అవ్వా, హాల్లో షెల్ఫులో పెడదాం, సూడ్డానికి బలే ఉంటాది" అంది. వాడే వస్తువును చూడ్డానికి పెట్టడం నాకు చేతకాదు. "షెల్ఫులో పెట్టడానికి ఇదేమన్నా దేవుడా? పోయి చింతపండు తీసుకురా" అన్నాను.

తోముతూ కూర్చుంటే మామూలుగా దుఃఖం రావాలి. పోయింది పరాయి మనిషి కాదు, నా తోడికోడలు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం పొగ మింగినవాళ్ళం. కానీ నాకు వచ్చింది కోపం. చెంగమ్మ నాకంటే చిన్నది. నేను పోయిన రోజు నా తల దగ్గర కూర్చుని పాడటానికి ఒక శోకం అల్లి దాచిపెట్టానని ఎన్నో ఏళ్ళు నాతో చెబుతూ వచ్చింది. ఊళ్ళో చావులన్నిటికీ మాటలు కట్టిన మనిషి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా ఆమె మాటలు దక్కాయి. నాకని దాచినది మాత్రం తనతోపాటే తీసుకుపోయింది. "ఈ వయసులో కుళ్ళుకోవడం ఏమిటమ్మా" అంటుంది నా కూతురు. వయసుకూ దానికీ ఏం సంబంధం? మోకాళ్ళు అరిగాయి. అది అరగలేదు.

మా అత్తగారిల్లు చిత్తూరులో బెల్లం మండీల వెనక సందులో ఉండేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ వాసనకు నాకు ముద్ద దిగేది కాదు. అన్నంలో బెల్లం వాసన, ఆరేసిన చీరల్లో బెల్లం వాసన, పిల్లల నెత్తిన కూడా అదే. గానుగలాడే కాలంలో బండ్లు సందు మొగదల దాకా వరుసకట్టి నిలబడేవి, వాటి వెంట ఈగలు మేళతాళాలతో వచ్చినట్టు ఇంట్లోకి వచ్చేవి. మా ఆయనా, మా మరిదీ ఇద్దరూ మండీలో తూకం దగ్గర పనిచేసేవాళ్ళు. మామ అప్పటికే లేడు. పెత్తనమంతా మా అత్తది. మూడో తరగతితో బడి మానిపించిన నాకు ఆ ఇల్లే చదువు. అగ్గిపుల్ల గీసే ముందు పక్కింటి పొయ్యిలో నిప్పుందేమో చూడాలి. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకూడదు, పులుసులోకి పనికొస్తాయి. చింతగింజలు పారేయకూడదు, వేయించి నానబెడితే సాయంత్రం పిల్లలకు తిండి. ఇవన్నీ మా అత్త చెప్పకముందే పట్టుకున్నాను. పొదుపులో ఆమెకంటే రెండాకులు ఎక్కువే చదివాను.

ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక విలాసం కాఫీ. అరవదేశం పక్కనే గదా, చిత్తూరువాళ్ళకు కాఫీ లేకపోతే తెల్లవారదు. ఈ ఫిల్టరులోనే పొడి వేసి, కాగిన నీళ్ళు పోసి, చుక్క చుక్కగా దిగేదాకా మా అత్త దాని ముందే పీట వేసుకుని కూర్చునేది. మొదట దిగిన చిక్కటి డికాక్షన్ మగవాళ్ళకూ ఆమెకూ. ఆ పొడి మీదే మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే రెండోది కోడళ్ళకు. ఎర్రమట్టి కలిపిన నీళ్ళలా ఉండేది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. పద్ధతి పద్ధతే. చెంగమ్మ వచ్చాక ఆ పద్ధతి మారింది.

ఆమెది సత్యవేడు వైపు పల్లె. తెలుగులో మొదలుపెట్టిన మాట అరవంలో ముగించేది. చింతబరికలా సన్నగా ఉండేది. నవ్విందంటే పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసేవాళ్ళు. పనిలో నిలకడ లేదు. పప్పు పొయ్యి మీద పెట్టి, పెరట్లోకి పోయి కాకులతో మాట్లాడేది. తలకు నూనె పెట్టుకుంటే అరచేతి నిండా వంపుకునేది, నేను రెండు వేళ్ళు ముంచి ఆపేదాన్ని. మా మరిది సాయంత్రం మండీ నుంచి వస్తూ కనకాంబరాలు తెచ్చి ఆమె చేతికే ఇచ్చేవాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. పూలు కొనడమనే పని ఒకటి లోకంలో ఉందని ఆయనకు తెలియదు, అంతే.

అంత నవ్వే మనిషి ఒక ఉదయం ముగ్గు సగంలో వదిలేసి లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం లేదు, నొప్పి లేదు, ఎవరూ ఒక మాట అనలేదు. అన్నం ముట్టదు, తల దువ్వుకోదు. కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం గోడలో ఉంటుంది. కొన్నాళ్ళకు తానే లేచి ఏమీ జరగనట్టు మళ్ళీ కాకులతో కబుర్లు మొదలుపెట్టింది. కొన్ని నెలలు గడిస్తే మళ్ళీ అదే వరస. మా అత్త తాయెత్తు కట్టించింది. కొండకు నడిపించి తలనీలాలు ఇప్పించింది. వెంట్రుకలు పెరిగాయి, వాటితోపాటే ఆ గోడా తిరిగొచ్చింది. అప్పుడు మా అత్త, నా విషయంలో ఎన్నడూ కరగని మనిషి, ఒక ఉదయం మొదటి డికాక్షన్‌తో కాఫీ కలిపి నా చేతికిచ్చింది. "చెంగమ్మకు ఇచ్చిరా పో మే. దానికి మనసు నిలవలే. చిక్కంగా తాగితే లేస్తాదేమో సూద్దాం."

తీసుకుపోయి ఆమె తల దగ్గర పెట్టాను. గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. నా మనసు నిలిచి ఉంది కాబట్టి నాకు ఎర్రనీళ్ళు, ఆమెది నిలవలేదు కాబట్టి ఆమెకు చిక్కటి కాఫీ. ఇదెక్కడి న్యాయం? గోడవైపు తిరిగి పడుకోవాలనిపించిన రోజులు నాకు మాత్రం లేవా? నేను పడుకుంటే బావిలో నీళ్ళు చేదేదెవరు? ఆమె పడుకుంటే చేదడానికి నేనున్నాను. దుఃఖపడాలన్నా ఇంట్లో ఇంకో మనిషి తోడుండాలని నాకు అప్పుడే తెలిసింది.

ఎండాకాలం మధ్యాహ్నాలు చింతపండు పని ఉండేది. ఏడాదికి సరిపడా చింతకాయలు తెప్పించి, పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజలు తీసి, ఉప్పు చల్లి జాడీల్లో అదిమేవాళ్ళం. వసారాలో మా అత్త, నేను, చెంగమ్మ, పక్కింటి సుబ్బమ్మ చుట్టూ కూర్చునేవాళ్ళం. వేళ్ళు జిగటగా, చీరలు పుల్లటి వాసన వేస్తూ ఉండేవి. చెంగమ్మ గోడ నుంచి లేచి వచ్చిన కొత్తలో అయితే చేతులు కదులుతుండగానే సన్నగా పాట ఎత్తుకునేది.

కట్టేస్తే తెంచుకుంటాది, ఇడిస్తే యాడికీ పోదు
గడ్డేస్తే మెయ్యదు, కుడితి పెడితే తాగదు
ఎవురి దొడ్లో పుట్టిందో ఈ మనసు
నా దొడ్లో వచ్చి పడుండాది

సుబ్బమ్మ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయేది. మా అత్త కొంగుతో ముక్కు తుడుచుకునేది. నాకు ఒళ్ళు మండేది. "నీకేం తక్కువమే? మొగుడు పూలు తెస్తాడు, అత్త కాఫీ ఇస్తాది. దేనికి నీకీ దుఃఖం?" అని అడిగేశాను ఒకరోజు.

చెంగమ్మ నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. "ఏమీ తక్కువ లేదక్కా. నాకూ అదే అర్థం కాలే. తక్కువుంటే పోయి అడిగి తెచ్చుకుందును గదా" అంది.

నాకు తక్కువలున్నాయి. వేళ్ళు మడిచి చెప్పగలను. కానీ వాటిని చెప్పబోతే అది సణుగుడు అయ్యేది. ఆమె ఏమీ లేని దుఃఖాన్ని చెబితే పాట అయ్యేది. అదీ నా కడుపుమంట.

అసలు ఆమె పేరు చిత్తూరులో నలుగురి నోళ్ళలో నానింది చావుల దగ్గర. పోయినవాళ్ళ తల దగ్గర కూర్చుని వాళ్ళ మంచీ చెడూ పదాలుగా కట్టి ఏడవడాన్ని మేము శోకాలు పెట్టడం అంటాం, ఆమె వైపు ఒప్పారి అంటారు. ఒకరు ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు భుజాలు పట్టుకుని ఊగుతూ అందుకుంటారు. పాడె లేచేదాకా పోయినవాళ్ళకు చెవులు వినిపిస్తూనే ఉంటాయని మా అత్త చెప్పేది. అందుకే బాగా ఎత్తేవాళ్ళంటే ఊరికి అంత గౌరవం. ఏ వీధిలో పలకలు మోగినా గంటలో ఎవరో వచ్చి మా గుమ్మంలో నిలబడేవాళ్ళు. "చెంగమ్మను పంపించండమ్మా, శవం మూగగా ఉండాది" అనేవాళ్ళు. ఆమె చేతిలో పని అక్కడే వదిలి లేచేది. దారిలో, పిలవడానికి వచ్చినవాళ్ళను ఒకే మాట అడిగేది. "పోయినామె సేతుల్తో ఏం సేస్తా ఉన్నింది?" ఒకామె చాప అల్లేదంటారు, ఇంకొకామె కోళ్ళకు నూకలు చల్లేదంటారు. ఆ చేతిపనిని పట్టుకుని మాటలు అల్లేది. ఆ ఇంటివాళ్ళకు తమ మనిషి లేచి వచ్చి చాప ముందు కూర్చున్నట్టే ఉండేది. సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని, తలకు పోసుకుని, తడి చీరతో వచ్చేది. మా అత్త మిరియాల చారు కాచి ఉంచేది. వదిలిపోయిన పనంతా చేసిన నాకు ఏ చారూ లేదు.

మా అమ్మ పోయిందని కబురు వచ్చింది ఇలాంటి కాలంలోనే. పాకాల దగ్గర పల్లె మాది. చెంగమ్మ, మా ఆయన, నేను బస్సెక్కాం. కూతురు పుట్టింటి చావుకు పోతే వీధి మొగదల నుంచే గొంతెత్తి ఏడుస్తూ పోవాలి. లోపలి ఆడవాళ్ళు ఎదురొచ్చి భుజాలు పట్టుకుని తీసుకుపోతారు. దారంతా మనసులో మాటలు పేర్చుకున్నాను. బస్సు దిగాను, వీధి మొగదలకు వచ్చాను, నోరు తెరిచాను. ఒక్క శబ్దం రాలేదు. జనం చూస్తున్నారు. నేను నిలబడిపోయాను. అప్పుడు నా వెనక నుంచి చెంగమ్మ ఎత్తుకుంది.

బస్సొచ్చినాక దుమ్మొచ్చె, ఆ దుమ్ములోనే నువ్వుంటివే అమ్మా
దుమ్మణిగినాక నేనొస్తి, మట్టిలో కలవను నువ్వు పోతివే అమ్మా

ఆ దుమ్ము నాది. సంతరోజున చిత్తూరు బస్సు వచ్చే వేళకు మా అమ్మ రోడ్డు మీదికి వచ్చి, తల మీద కొంగు కప్పుకుని, దుమ్ములో నిలబడి, "మా పాప రాలేదా నాయనా" అని కండక్టరును అడిగేది. నేను రాని వారాలే ఎక్కువ. ఆ సంగతి చింతపండు ఒలుస్తూ ఎప్పుడో ఒకసారి చెంగమ్మతో అన్నాను. ఆమె దాన్ని మరిచిపోలేదు. ఎదురొచ్చిన ఆడవాళ్ళు నన్ను దాటిపోయి ఆమె భుజాలు పట్టుకున్నారు. వీధి వీధంతా గొల్లుమంది. జీవితంలో నేను కంటతడి చూడని మా ఆయన తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. నా అమ్మ, నా దుమ్ము, వాళ్ళందరి ఏడుపు. మధ్యలో నేను కట్టెలా నడిచి లోపలికి పోయాను.

మా అమ్మకు చిన్నమ్మ వరసయ్యే ముసలమ్మ ఒకామె మదనపల్లె నుంచి వచ్చింది. నా పెళ్ళి తర్వాత నన్ను చూడలేదు. కూతురు ఏడుపును బట్టి తెలుస్తుంది గదా, పేరడిగే పనేముంది అనుకుంది. మా అమ్మ నడుముకు కట్టుకునే వక్కాకు సంచి తెచ్చి, చెంగమ్మ కొంగు పట్టుకుని అందులో పెట్టి ముడివేసింది. "మీ అమ్మది పాపా, నువ్వు పెట్టుకో. ఇంతగా ఏడ్సే కూతుర్ని కనింది, మహాతల్లి."

చెంగమ్మ గబుక్కున ముడి విప్పింది. "నేను కాదవ్వా! కూతురు ఆడుండాది సూడు, ఆమె."

ముసలమ్మ నా వైపు తిరిగి కళ్ళు చికిలించింది. "ఈమా? కంట్లో తడే లేదే!"

ఎవరో కిసుక్కుమన్నారు. సంచి నా ఒడిలో పడింది. ఆకుల వాసన, సున్నం వాసన, మా అమ్మ వేళ్ళ వాసన. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ మాట కూడా.

తిరుగు బస్సులో చెంగమ్మకు గొంతు లేదు. నేను కిటికీవైపు చూస్తూ, "ఆ దుమ్ము మాట నాది" అన్నాను.

"నీదేనక్కా" అంది గుసగుసగా. "నువ్వు మొయ్యలేక నిలబడిపోతివి. నేనూ ఒక కొస పట్టుకుంటి."

"పట్టుకునే ముందు అడగాల."

ఆమె నా మోచేతిని మెల్లగా పొడిచింది. "సరే, కోపం ఇడువు. నీకని ఒకటి అల్లి పెడతా. నువ్వు పోయిననాడు ఎత్తుతా. దాన్ని ఎవురికీ ఇయ్యను, సరేనా?" ముందు సీటులో మా ఆయన వెనక్కి తిరిగి, మేమిద్దరం ఏమి బేరమాడుకుంటున్నామో అర్థంకాక మళ్ళీ ముందుకు తిరిగాడు.

మొదట నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానీ ఒక వస్తువు మనకని ఎక్కడో దాచి ఉందని తెలిస్తే మనసు అటే పోతుంది. చిటికెడు ఖర్చుకు కూడా ఓర్చుకోని మనిషిని, నా చావుకు మాత్రం ఘనమైన ఏడుపు కావాలని ఆశ పుట్టింది. అందులో ఏముందో తెలుసుకోవాలని మరీ ఆశ. బతికున్న మనిషి మీద శోకం ఎత్తకూడదు, ఆయుష్షు తరుగుతుందని కట్టుబాటు. మా అత్త లేనప్పుడు ఒకరోజు నేనే మొదటి డికాక్షన్‌తో కాఫీ కలిపి ఆమె ముందు పెట్టాను.

"ఏందక్కా, లంచమా?" అని ఒకే గుక్కలో తాగేసింది.

"ఒక్క చరణం సెప్పు మే. ఆయుష్షు తరిగితే తరగనీ."

"అమ్మో, నువ్వు పోతే ఈ ఇంట్లో రెండో డికాక్షన్ ఎవురు తాగుతారు?" అంటూ నవ్వుతూ పెరట్లోకి పోయింది. గడప దగ్గర ఆగి, జాలిపడినట్టు ఒక్క మాట చెప్పింది. "నీ సెయ్యి గురించి ఉంటాదిలే."

ఆ రోజు నుంచి నా చేతులను నేనే చూసుకోవడం మొదలుపెట్టాను. ఏముంది వీటిలో? బిందె పట్టుకున్న కాయలు, పొయ్యి దగ్గర కాలిన మచ్చలు. నూనెలో రెండు వేళ్ళు ముంచి ఆగేదాన్ని పాటలో అల్లిందా? పిల్లల పళ్ళెంలో మిగిలిన మెతుకులు గిన్నెలోకి తీసేదాన్నా? పిసినారి చెయ్యి అని ఊరందరి ముందూ పాడుతుందా? లేక నాకు తెలియని మంచి ఏదైనా చూసిందా? అడిగితే నవ్వుతుంది.

ఇంకో దిగులు పట్టుకుంది. ఎవరి చావుకైనా పిలిస్తే, అక్కడ మాటలు చాలక నాది వాడేస్తే? అందుకని ఆమె వెంట నేనూ పోవడం మొదలుపెట్టాను. మా అత్త ఆశ్చర్యపోయింది. "నీకెందుకు మే, నీకు ఏడ్సేదానికి రాదు గదా" అంది. "తోడుకు" అన్నాను. ఒక కుమ్మరామె చనిపోయినప్పుడు, చక్రం తిప్పిన చెయ్యి చల్లబడిపోయిందని చెంగమ్మ ఎత్తుకుంటే నేను చెవులు రిక్కించాను. తిరిగి వస్తూ సందులోనే నిలదీశాను.

"అది నాదేనా? నిజం సెప్పు."

"ఏది?"

"ఆ సెయ్యి మాట."

"నువ్వెప్పుడన్నా కుండలు సేసినావా అక్కా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. తలకు నీళ్ళు పోసుకోకుండా అంత నవ్వకూడదని కసిరాను. నవ్వు ఆపుకుని, "నీది దీనికంటే బాగుంటాది" అంది. ఆ ఒక్క మాటతో ఇంటిదాకా నా కాళ్ళు నేల మీద లేవు. ఇంటికి పోయాక, దీనికంటే అన్నదే గానీ అన్నిటికంటే అనలేదే అని మళ్ళీ మొదలైంది. నిలకడలేని మనసు ఆమెదని అందరూ అనేవాళ్ళు. నా మనసు ఆ రోజుల్లో ఎన్ని గోడలు దూకిందో ఎవరు చూశారు?

కొన్నేళ్ళకు మా ఆయనకు తిరుపతిలో ఒక లాడ్జీలో పని దొరికింది. సామాను పంచేటప్పుడు ఈ ఫిల్టరు నా మూటలో పెట్టుకున్నాను, పెద్దకోడలిని గదా. మా అత్త దాన్ని బయటికి తీసి చెంగమ్మ చేతిలో పెట్టింది. "నీకు రెండోదే అలవాటు, దేంట్లో కాచుకున్నా దిగుతాది. దీనికి ఇది లేకుంటే గోడ మళ్ళా పిలుస్తాది" అంది. తిరుపతికి వచ్చి గుడ్డలో వడగట్టిన కాఫీ తాగాను.

నా మనవరాలు ఇక్కడ యూనివర్సిటీలో చదువుతుంది. అది కూడా కవిత్వం రాస్తుంది. దిగులు మీద, నిద్రపట్టని మనసు మీద ఫోనులో రాస్తే ఎక్కడెక్కడివాళ్ళో గుండె గుర్తులు పంపిస్తారు. ఒకసారి చదివి వినిపిస్తే, "నీకేం తక్కువమే?" అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. మింగేసి చెంగమ్మ సంగతి చెప్పాను. అది విని, "అవ్వా, దాన్నిప్పుడు జబ్బంటారు. మందులు ఉండాయి, డాక్టర్లు ఉండారు. పాపం, అప్పుడు ఎవురికీ తెలీదు" అంది. కావచ్చు. మందు ఉంటే చెంగమ్మకు ఆ గోడ తప్పేదేమో, తప్పితే మంచిదే. కానీ గుండె గుర్తులు పంపించేవాళ్ళలో ఒక్కరైనా వచ్చి దీని భుజం పట్టుకుని ఊగుతారా అని అడిగాను. అది ఫోనును బోర్లా తిప్పి పెట్టింది.

చెంగమ్మ పోయిన కబురు ఉదయం కాఫీవేళ వచ్చింది. నిద్రలోనే పోయిందట. మనవరాలిని తీసుకుని బస్సులో పోయాను. బెల్లం మండీల సందులో బెల్లం వాసన లేదు, వరసగా ఫ్యాన్సీ షాపులు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. మైకు సెట్టులో ఎవరో రికార్డు చేసిన భజన. హాలు మధ్యన ఐసు పెట్టెలో, అద్దం కింద చెంగమ్మ. ఆడపిల్లలు గోడలకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. వచ్చినవాళ్ళు దండం పెట్టుకుని కుర్చీల్లోకి పోతున్నారు. ఒక మూల, ఇప్పుడు చూపు సరిగ్గా ఆనని సుబ్బమ్మ, "అందురికీ ఏడ్సింది, దీనికి ఏడ్సేదానికి ఎవురూ లేకపోయిరే. శవం మూగగా ఉండాదే" అని తనలో తాను అనుకుంటోంది.

నేను పెట్టె పక్కన కూర్చున్నాను. పాడె ఇంకా లేవలేదు. అంటే చెవులు ఉన్నాయి. మైకు ఆపమన్నాను. ఏడవడానికి కాదు, నేను అడగాల్సింది ఒకటి ఉంది. అద్దం మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. "నాకు దాచినా అంటివే, యాడ పెట్టి పోతివే?" అన్నాను. తిట్టినట్టే అన్నాను. గదిలో అందరూ తలలెత్తారు. "నా సేతిలో ఏం సూస్తివో సెప్పకుండా పోతివే" అన్నాను. గొంతు నాది కానట్టు పైకి లేచింది, దాన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు.

పెద్దదాన్ని నేనుండంగా నా వంతు నువ్వెత్తుకుంటివే
మొదటి కాఫీ నీకే పోస్తిమి, మొదటి పాడె కూడా నీకేనా మే

సుబ్బమ్మ మూల నుంచి పాక్కుంటూ వచ్చి నా భుజం పట్టుకుంది. "మొదటి పాడె కూడా నీకేనా మే" అని అందుకుంది. నా మనవరాలు రెండో భుజం పట్టుకుంది. ఆ పిల్లకు ఊగడం రాదు, పట్టుకుంది, అంతే. తర్వాత ఎంతసేపు తిట్టానో నాకు తెలియదు. కనకాంబరాల గురించి తిట్టాను, నూనె గురించి తిట్టాను, దుమ్ము గురించి తిట్టాను. మా అమ్మకు ఏడవాల్సింది కూడా అప్పుడే వచ్చింది. పాడె లేపేటప్పుడు చెంగమ్మ కోడలు కళ్ళు తుడుచుకుంటూ, "పెద్దత్తా, ఇంత బాగా ఎత్తుతారని తెలీదే. ఇన్నాళ్ళూ యాడ దాస్తిరి?" అంది.

చూశారా. చివరికి నేను దాచింది ఆమెకు దక్కింది. ఆమె దాచింది నాకు దక్కలేదు.

ఫిల్టరు తోమడం మర్నాటి సాయంత్రానికి గానీ అవలేదు. సూదితో చిల్లులు పొడిచి శుభ్రం చేశాను. పొడి వేసి, నీళ్ళు పోసి, మా అత్త కూర్చున్నట్టే దాని ముందు కూర్చున్నాను. మొదటి డికాక్షన్ దిగింది. నల్లగా, చిక్కగా, ఇల్లంతా వాసన. ఇప్పుడు దానికి నేను తప్ప హక్కుదారులు ఎవరూ లేరు. లోపల గదిలో మనవరాలు పొద్దుటి నుంచి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పరీక్షలూ కావు, జ్వరమూ కాదు. రేపు డాక్టరు దగ్గరికి తీసుకుపోతానని వాళ్ళమ్మ అంటోంది. ఆ కాఫీ కలిపి తీసుకుపోయి దాని తల దగ్గర పెట్టాను. మిగిలిన పొడి మీద నీళ్ళు పోసి, రెండోది నేను తెచ్చుకుని పక్కనే కూర్చున్నాను.

సగం తాగాక అది లేచి కూర్చుంది. నా చెయ్యి దాని ముందు చాపాను. "దీంట్లో ఏం కనిపిస్తా ఉండాదో సూసి రాయి. నేను బతికుండగానే సదివి వినిపించాల. ఆయుష్షు తరిగితే తరగనీ" అన్నాను. అది నా చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. కాయలు వేలితో తడిమింది. రాస్తానంది.

రాయనీ. చెంగమ్మది దానికంటే బాగుండేదని నాకు ఇప్పుడే తెలుసు.